అక్టోబర్ 31కి ఏ దేశం వెళ్దాం?

ప్రయాణాల శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఏటా అక్టోబర్ 31న వచ్చే వేషాల పండగ హాలోవీన్ చూడ్డానికి విదేశం వెళ్లాలనుకుంటున్నామని తిరుపతి, చిత్తూరు వైపు నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువమందికి పనికొచ్చేవి ఇక్కడ తీసుకున్నాం. 2026లో అక్టోబర్ 31 శనివారం పడింది. శనివారం పడిన ఏడు ఎక్కడైనా రద్దీ ఎక్కువ, గదుల అద్దెలూ ఎక్కువే. అందుకే ఏ ఊరు అనేది తేల్చుకోవడం వేసవిలోనే అయిపోవాలి.

తిరుపతిలో ఏటా గంగమ్మ జాతరకు వేషం కడతాను. హాలోవీన్ కూడా వేషాల పండగే అంటున్నారు. పక్కన నిలబడి చూడ్డం కాదు, నేనూ వేషం వేసుకుని జనంలో నడవాలి. యాడికి పోతే బాగుంటుంది?
– బైరాగిపట్టెడ, తిరుపతి

నడవాలన్నారు కాబట్టి రెండే ఊళ్లు చెబుతాం. ఒకటి న్యూయార్క్, రెండోది ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీ. జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం అని ఒక వరస ఉంటుంది. ఏ రోజు వేషం ఆ రోజే, వెనక మొక్కు కూడా ఉంటుంది. హాలోవీన్‌కు ఆ వరసా లేదు, మొక్కూ లేదు. ఎవరికి తోచింది వాళ్లు వేసుకుంటారు. మీ చేతి పని చూపించుకోవడానికి అదే మంచి అవకాశం. దుకాణంలో కొన్న దెయ్యం ముసుగు కన్నా సొంతంగా కట్టిన వేషానికి ఈ రెండు ఊళ్లలోనూ ఎక్కువ మర్యాద.

న్యూయార్క్‌లోని గ్రీనిచ్ విలేజ్ ఊరేగింపును 1970ల మొదట్లో రాల్ఫ్ లీ అనే ముసుగుల కళాకారుడు మొదలుపెట్టారు. ఇప్పుడది సిక్స్త్ అవెన్యూ మీద రాత్రి 7 గంటలకు బయల్దేరుతుంది. వేషంలో ఉంటే చాలు, టికెట్ లేకుండానే ఎవరైనా కలిసిపోవచ్చు. వేషం లేనివాళ్లు మాత్రం బారికేడ్ల వెనకే నిలబడాలి. వేషధారులు లోపలికి వెళ్లే దారి కెనాల్ స్ట్రీట్ వైపు ఉంటుంది. ఆ ఏడాది ప్రకటించిన దారి, వేళ ముందురోజు మళ్లీ ఒకసారి చూసుకోండి. సాయంత్రం 6 కల్లా చేరకపోతే పక్క వీధులు మూసేస్తారు, చుట్టూ తిరిగి రావాల్సి వస్తుంది. టాక్సీ పనికిరాదు, సబ్‌వేలోనే వెళ్లాలి. నడక దూరం తక్కువే గానీ, వంతు కోసం నిలబడ్డ సమయం కూడా కలిపితే రెండు మూడు గంటలు కాళ్ల మీదే ఉంటారు. దారిలో మరుగుదొడ్డి దొరకదు. కాబట్టి ఒక్కరే విప్పి కట్టుకోగలిగేలా వేషం ఉండాలి. మన బంధువులు ఇద్దరు పట్టుకుంటే తప్ప కదలని వేషం అక్కడ వద్దు.

డెర్రీ తీరు వేరు. అక్కడ 1980ల మధ్య నుంచి ఈ పండగ పెరుగుతూ వచ్చింది. పదిహేడో శతాబ్దపు కోటగోడలున్న ఊరు. పండగ రోజుల్లో ఆ గోడల మీద, లోపలి వీధుల్లో దీపాల బొమ్మలు, నిప్పు ఆటలు, సంగీతం సాగుతాయి. 31 రాత్రి ఊరేగింపు, ఆ తర్వాత ఫోయిల్ నది మీద బాణసంచా. ఊరేగింపులో నడిచేవి తర్ఫీదు పొందిన బృందాలు. కానీ వీధుల్లో తిరిగే జనంలో తాతల నుంచి చంటిపిల్లల దాకా దాదాపు అందరూ వేషాల్లోనే కనిపిస్తారు. మీకు ఏది నచ్చుతుందని అడిగితే మా మొగ్గు డెర్రీ వైపే. న్యూయార్క్‌లో మీరు ఊరేగింపులో ఉన్నంతసేపే వేషధారి, డెర్రీలో సాయంత్రం నుంచి నిద్రపోయేదాకా వేషధారి.

ఒక్క జాగ్రత్త. మే నెల ఎండలో జాతర వేషం కట్టిన ఒంటికి అక్టోబర్ చివరి డెర్రీ చలి తట్టదు. పది డిగ్రీల లోపు చలి, దానికి తోడు వాన. వేషం కింద ఒంటికి అంటుకునే థర్మల్ బట్టలు పట్టాలి కాబట్టి వేషాన్ని ఒక సైజు పెద్దదిగానే కుట్టించుకోండి.

డబ్లిన్, డెర్రీ రెండూ ఒకే ప్రయాణంలో చూడొచ్చా? ఒక్క వీసా చాలా?
– మదనపల్లె

చూడొచ్చు. అయితే ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. డబ్లిన్ ఐర్లండ్ గణతంత్రంలో ఉంది, డెర్రీ యునైటెడ్ కింగ్‌డమ్‌లో ఉంది. మధ్యలో చెక్‌పోస్టు లేదు, బస్సు ఆగకుండా పోతుంది. అడ్డు లేదు కదా అని వీసా అక్కర్లేదనుకుంటారు. చట్టం ప్రకారం రెండు దేశాలకూ అనుమతి ఉండాల్సిందే. దారి మధ్యలో తనిఖీలు జరగొచ్చు.

భారతీయులకు ఈ చిక్కు తీర్చడానికి బ్రిటిష్-ఐరిష్ వీసా పథకం ఉంది. ఐర్లండ్ స్వల్పకాల వీసా తీసుకుని, దాని మీద ‘బీఐవీఎస్’ అనే గుర్తు ఉంటే అదే వీసాతో డెర్రీ కూడా వెళ్లొచ్చు. షరతు ఒకటే. ఏ దేశం వీసా ఇచ్చిందో ముందు ఆ దేశంలోనే దిగాలి. ఐర్లండ్ వీసా ఉన్నవాళ్లు ముందు డబ్లిన్‌లో దిగి, ముద్ర వేయించుకుని, తర్వాతే ఉత్తరానికి పోవాలి. టికెట్ చవగ్గా వచ్చిందని బెల్‌ఫాస్ట్‌లో దిగితే అక్కడే ఆగిపోతారు. వీసా చేతికి రాగానే ఆ గుర్తు ఉందో లేదో చూడండి, అది అందరికీ దానంతట అదే రాదు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపి, కాగితాలు వీసా కేంద్రంలో ఇవ్వాలి. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి తీసుకుంటారు. అంటే ఆగస్టు మొదట్లో కాగితాలు సిద్ధంగా ఉండాలి. ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్, సెలవు మంజూరు లేఖ, గది బుకింగ్, తిరుగు ప్రయాణం, బీమా. తిరస్కరణకు తరచుగా కారణమయ్యేది దరఖాస్తుకు వారం ముందు ఖాతాలో హఠాత్తుగా పడిన పెద్ద మొత్తం. భూమి అమ్మారా, చీటీ పాడారా, నాన్నగారు ఇచ్చారా, ఏదైనా సరే కాగితంతో చూపించండి. చూపించలేని డబ్బు ఖాతాలో ఉండటం కన్నా లేకపోవడమే నయం.

విమానం విషయానికొస్తే, చెన్నై నుంచో బెంగళూరు నుంచో గల్ఫ్ మీదుగా డబ్లిన్ వెళ్లడం తేలిక. లండన్ మీదుగా అయితే ట్రాన్సిట్ నిబంధనలు ముందే సరిచూసుకోవాలి. డబ్లిన్ నుంచి డెర్రీకి నేరుగా బస్సులున్నాయి, నాలుగు గంటల ప్రయాణం.

వారం రోజులుంటే ఇలా వేసుకోండి: అక్టోబర్ 26 ప్రాంతంలో డబ్లిన్. ఆ సోమవారం అక్కడ సెలవు, పిల్లలకు బడి కూడా ఉండదు, అందుకే గదులు ఖరీదు. తర్వాత రెండు రోజులు మీత్ జిల్లాలో ట్రిమ్, అథ్‌బాయ్. అథ్‌బాయ్ పక్కనున్న త్లాఖ్త కొండ మీద పూర్వం సౌన్ పండగ మంటలు వేసేవాళ్లని ఐరిష్ సంప్రదాయం చెబుతుంది. పంటకాలం ముగిసి చలికాలం మొదలయ్యే ఆ పండగే హాలోవీన్‌కు మూలం. ఇప్పుడు మీత్‌లో దాని గుర్తుగానే పూకా ఉత్సవం జరుగుతోంది. 30వ తేదీకి డెర్రీ చేరిపోండి. 31న వస్తే గదీ ఉండదు, బస్సులో చోటూ ఉండదు. డెర్రీలో గది దొరక్కపోతే బస్సు దారిలో ఉన్న స్ట్రబేన్‌లో చూడండి. రాత్రి తిరుగు బస్సు వేళ మాత్రం ముందే రాసిపెట్టుకోవాలి.

ఇంకో రెండు సంగతులు. యూరప్‌లో అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. 2026లో అది 25వ తేదీ. అప్పటి నుంచి డెర్రీలో సాయంత్రం ఐదింటికే చీకటి, కాబట్టి పగలు చూడాల్సినవి మధ్యాహ్నంలోపే చూసేయాలి. రెండోది టపాకాయలు. ఉత్తర ఐర్లండ్‌లో వాటికి లైసెన్సు కావాలి, ఐర్లండ్ గణతంత్రంలో మామూలు జనం కాల్చడమే నేరం. దీపావళి అలవాటుతో కొనకండి.

మా అబ్బాయి డాలస్ దగ్గర ఉంటాడు. అక్టోబర్‌లో వెళ్తున్నాం. ఆ రోజు ఊళ్లో పిల్లలందరూ తలుపు కొడతారట. అబ్బాయి, కోడలు మనవళ్లని తీసుకుని బయటికి పోతే ఇంట్లో మేమిద్దరమే ఉంటాం. ఏం చేయాలి?
– గిరింపేట, చిత్తూరు

నిజానికి హాలోవీన్‌ను అందరికన్నా దగ్గరగా చూసేది మీరే. ఇంటి ముందు కూర్చుంటే చాలు, పండగ మీ గడప దగ్గరికే వస్తుంది.

వాకిటి దీపం వెలుగుతుంటే ‘రండి’ అని అర్థం, ఆర్పేస్తే ‘ఈ ఇంటికి వద్దు’ అని. పిల్లలు దాన్నే చూసుకుంటారు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా వస్తారు. కొన్ని ఊళ్లలో వేళను నగరపాలక సంస్థే ప్రకటిస్తుంది. ‘ట్రిక్ ఆర్ ట్రీట్’ అంటారు. మీరు ‘హ్యాపీ హాలోవీన్’ అని, వేషం బాగుందని ఒక మాట అని, చాక్లెట్ ఇవ్వాలి. ఆ ఒక్క మాటకు పిల్లలు పొంగిపోతారు, అది మాత్రం మరవకండి.

కంపెనీ కవర్‌లో ఉన్నవే ఇవ్వాలి. ఇంట్లో చేసిన అరిసెలు, లడ్డూలు ఎంత ప్రేమగా ఇచ్చినా తల్లిదండ్రులు పిల్లల్ని తిననివ్వరు. అపరిచితుల ఇంటి వంట వద్దనే నియమం అక్కడ గట్టిది. ‘ఫన్ సైజ్’ అని రాసిన చిన్న చాక్లెట్ల సంచులు తెప్పించండి. ఒక్కొక్కరికి ఒకటి రెండు చాలు. ఎంతమంది వస్తారన్నది వీధిని బట్టి ఉంటుంది. ఒక సందులో పాతికమంది వస్తే పక్క సందులో రెండు వందలమంది రావచ్చు. పక్కింటివాళ్లని అడగడమే దారి. మొదటి గంటలో గుప్పెళ్లతో ఇచ్చేసి ఏడున్నరకు ఖాళీ చేతులతో కూర్చునేవాళ్లు ఎక్కువ. అలా అయిపోతే దీపం ఆర్పేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

వేరుశనగ పడని పిల్లలు అక్కడ చాలామంది ఉంటారు. వాళ్ల కోసం విడిగా పెన్సిళ్లు, స్టిక్కర్లు ఒక గిన్నెలో ఉంచండి. నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు గుమ్మడికాయ గుమ్మంలో పెడితే ఈ ఇంట్లో తినేవి కానివి కూడా ఉన్నాయని గుర్తు.

మనవళ్లు గుమ్మడికాయ చెక్కమంటారు, తప్పదు. పండగకు రెండు రోజుల ముందే చెక్కండి. వారం ముందు చెక్కితే 31 నాటికి బూజు పట్టి లోపలికి కుంగిపోతుంది. మూతను పైనుంచి నిట్టనిలువుగా కోస్తే లోపల పడిపోతుంది, కత్తిని ఏటవాలుగా పట్టి కోయాలి. లోపలి గుజ్జంతా తీసి, మొహం చెక్కే వైపు గోడ అంగుళం మందం మిగిలేదాకా గీకండి. మందంగా వదిలేస్తే వెలుగు బయటికి రాదు, మరీ పలచనైతే పళ్లు విరిగిపోతాయి. కోసిన అంచులకు కాస్త వాజలీన్ రాస్తే త్వరగా ఎండిపోవు. దీపం బ్యాటరీది పెట్టండి. పొడుగు అంగీలు, సవరాలు కట్టుకున్న పిల్లలు వంగి చూసేచోట మైనపు వత్తి వద్దు.

చెక్కిన కాయతో పులుసు పెడదామనుకుంటారేమో, అది మన గుమ్మడి రుచి కాదు. బొమ్మలకు పెంచే రకం నీళ్లగా, పీచుగా ఉంటుంది. వంటకు ‘షుగర్ పంప్‌కిన్’ అనే చిన్న కాయ కొనండి. గింజలు మాత్రం ఏ కాయవైనా ఉప్పూ కారం చల్లి వేయించుకోవచ్చు.

ఆ రాత్రి దాటి 2 గంటలకు అమెరికాలో గడియారం గంట వెనక్కి జరుగుతుంది, 2026లో నవంబర్ 1న. తెల్లారి ఇండియాకు ఫోన్ చేసేవాళ్లు తేడా పదిన్నర గంటలు కాదు, పదకొండున్నర అని గుర్తుంచుకోవాలి.

హాలోవీన్ అంటే దెయ్యాలని కొలవడమా? ఇంట్లో పెద్దవాళ్లు వెళ్లొద్దంటున్నారు.
– పలమనేరు

కొలవడం కాదు. పేరు క్రైస్తవ పంచాంగం నుంచి వచ్చింది. నవంబర్ 1 సకల పరిశుద్ధుల దినం, దానికి ముందురాత్రి ఇది. అలవాట్లు మాత్రం అంతకుముందున్న ఐర్లండ్, స్కాట్లండ్ శీతాకాలపు పండగవి. ఇప్పుడు చాలా దేశాల్లో పూజ ఏమీ లేదు, వేషం, మిఠాయి, దీపం అంతే. పూజ, ప్రార్థన నిజంగా ఉండేవి ఆ మర్నాటి రోజుల్లో. పోలండ్‌లో నవంబర్ 1న శ్మశానాలన్నీ దీపాలతో నిండిపోతాయి, దుకాణాలు మూసేస్తారు. పెద్దల మనసుకు అదే నచ్చుతుందేమో, చెప్పి చూడండి.

బోస్టన్ వెళ్తున్నాను. అమెరికాలోని సేలం ఒక్క రోజులో చూసి రావచ్చా? ఎవరైనా అది మంత్రగత్తెల ఊరనే చెబుతారు.
– శ్రీకాళహస్తి

రావచ్చు, కారులో మాత్రం వద్దు. బోస్టన్ నార్త్ స్టేషన్ నుంచి రైలుకు అరగంట. అక్టోబర్ నెలంతా ఆ చిన్న ఊరికి పది లక్షల మందికి పైగా వస్తారు, పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది. 31 కావాలని పట్టు లేకపోతే అక్టోబర్ నడుమ మంగళవారమో బుధవారమో వెళ్లండి, అవే దుకాణాలు, అవే వేషాలు, నడవడానికి దారి ఉంటుంది. మ్యూజియంల టికెట్లు వేళతో సహా ముందే కొనాలి. అప్పటికప్పుడు దొరకవు. 31 రాత్రి తిరుగు రైలుకు బారులు పొడుగ్గా ఉంటాయి.

మంత్రగత్తెల ఊరు అనే మాట గురించి కొంచెం చెప్పాలి. 1692లో అక్కడ మంత్రవిద్య నేరం మోపి 19 మందిని ఉరితీశారు, గైల్స్ కోరీ అనే ముసలాయనను రాళ్ల బరువు కింద చంపారు. వాళ్లలో మంత్రగత్తెలెవరూ లేరు. ఇరుగుపొరుగు పగలకు, భయానికి బలైన మామూలు మనుషులు. పాత శ్మశానం పక్కనే వాళ్ల స్మారకం ఉంది. గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన రాతి పలకల మీద ఒక్కొక్కరి పేరు చెక్కారు. బెంచీల్లా ఉంటాయి కాబట్టి జనం వాటి మీద కూర్చుని, వేషాలతో ఫొటోలు దిగుతారు. దయచేసి మీరు కూర్చోకండి. సేలంలో ముందు అక్కడికి వెళ్లి పేర్లు చదివి, తర్వాత వీధుల్లోకి రండి. ఊరు వేరుగా కనిపిస్తుంది.

పిల్లలకు తొమ్మిదేళ్లు, ఆరేళ్లు. దగ్గర్లో సింగపూర్‌లో హాలోవీన్ చూపిద్దామనుకుంటున్నాం.
– పుత్తూరు

ఈ వయసు పిల్లలకు వద్దని గట్టిగా చెబుతాం. సెంటోసాలోని యూనివర్సల్ స్టూడియోస్‌లో సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ మొదటి వరకు కొన్ని ఎంపిక చేసిన రాత్రుల్లో జరిగే హాలోవీన్ హారర్ నైట్స్ పెద్దల కోసం. చీకటి ఇళ్లలో మనుషులు మీదికి దూకుతారు, నెత్తురు, శవాల బొమ్మలు ఉంటాయి. పగటి టికెట్ రాత్రికి చెల్లదు, విడిగా కొనాలి. సందర్శకుల వేషాలకు, ముసుగులకు కట్టుబాట్లు ఉంటాయి, కొనేముందు నియమాలు చదవండి. శుక్ర, శనివారాల్లో ఒక్కో భయం ఇంటికి గంటకు పైగా వరసలో నిలబడాలి.

పిల్లల కోసమైతే టోక్యో డిస్నీలాండ్ పగటి ఊరేగింపులు బాగుంటాయి. సింగపూరే కావాలంటే, అసలు అక్కడి సొంత దెయ్యాల నెల చూడండి. చైనీస్ పంచాంగం ఏడో నెలలో, ఆగస్టు, సెప్టెంబర్ ప్రాంతంలో, ఆకలిగొన్న పితరుల కోసం వీధి పాటకచేరీలు పెట్టి మొదటి వరస కుర్చీలు ఖాళీగా వదిలేస్తారు. వాటిలో పొరపాటున కూడా కూర్చోకూడదు.

మీ వైపు వాళ్లకు ఒక ఊరి సంగతి. చెన్నై విమానాశ్రయానికి మామూలుగా మూడున్నర గంటలు వేసుకుంటారు. అక్టోబర్ 20 ప్రాంతంలో ఈశాన్య రుతుపవనం మొదలవుతుంది, పుత్తూరు, ఊత్తుకోట దారిలో నీళ్లు నిలిస్తే ఆ లెక్క తప్పుతుంది. ఇంకో రెండు గంటలు కలుపుకుని బయల్దేరండి. సింగపూర్‌కు వీసా అధీకృత ఏజెంటు ద్వారా తీసుకోవాలి. అరైవల్ కార్డు దిగడానికి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో ఉచితంగా నింపాలి. దానికి డబ్బులడిగే సైట్లు మోసం.

వి.కోట దగ్గర మూడెకరాల్లో బంతి సాగు చేస్తాం. మెక్సికోలో చనిపోయినవాళ్ల పండగకు బంతిపూలే వాడతారని విన్నాం. నిజమేనా? వెళ్లి చూడాలంటే ఎట్లా?
– వి.కోట

నిజమే. అసలు మీ పొలంలో పూసే పెద్ద బంతి పుట్టిల్లు మెక్సికోనే. అక్కడ దాన్ని సెంపసూచిల్ అంటారు. నవంబర్ 1న చిన్నప్పుడే పోయిన పిల్లల కోసం, 2న పెద్దల కోసం ఇంట్లో పీఠం పెట్టి, ఫొటో, నీళ్లు, ఉప్పు, దీపాలు, వాళ్లకిష్టమైన తిండి, బంతిపూలు ఉంచుతారు. పూల వాసన, రంగు దారి చూపిస్తే పోయినవాళ్లు ఇంటికి వస్తారని నమ్మకం. గేటు నుంచి పీఠం దాకా రేకులు పరుస్తారు. ఇది హాలోవీన్ కాదు, తేదీలు పక్కపక్కన ఉన్నాయంతే. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

మీలాంటివాళ్లు రెండు చోట్లు చూడాలి. ఒకటి మెక్సికో సిటీ దక్షిణాన షోచిమిల్కో. అక్కడ కాలవల మధ్య మట్టి మడుల మీద ఈ పూలు పెంచుతారు, అక్టోబర్ రెండో సగంలో తోటలు నిండుగా ఉంటాయి. రెండోది ప్యూబ్లా రాష్ట్రంలోని అట్లిష్కో, ఎకరాలకెకరాలు బంతే. తర్వాత పండగకు ఓహాకా వెళ్లండి. ఊరి బయట షోషోకోట్లాన్ శ్మశానంలో 31 రాత్రి కుటుంబాలు సమాధుల చుట్టూ దీపాలతో జాగారం చేస్తాయి. లోపలికి వెళ్లొచ్చు, కానీ అడక్కుండా మొహాల మీదికి కెమెరా పెట్టొద్దు. చిన్న పూలగుత్తి కొని ఎవరూ రాని సమాధి మీద పెడితే సంతోషిస్తారు. మెక్సికో సిటీ పెద్ద ఊరేగింపు పాతదేమీ కాదు, ఒక జేమ్స్ బాండ్ సినిమాలో చూపించాక 2016లో మొదలైంది. చూడ్డానికి బాగుంటుంది, దాని కోసమే మాత్రం వెళ్లకండి.

చెల్లుబాటులో ఉన్న అమెరికా, కెనడా, బ్రిటన్, జపాన్ లేదా షెంగెన్ (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే) వీసా ఉంటే భారతీయులకు మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు. అమెరికా మీదుగా తిరిగొచ్చేవాళ్లు తమది మల్టిపుల్ ఎంట్రీ వీసానా కాదా చూసుకోవాలి.

విత్తనాలు జేబులో వేసుకుని రావద్దు. దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య పత్రం లేకుండా విత్తనం తేవడం మన మొక్కల క్వారంటీన్ నిబంధనలకు విరుద్ధం. పైగా తెగులు వస్తే మీ చుట్టుపక్కల తోటలన్నిటికీ అంటుకుంటుంది.

మేం గుడ్డు కూడా తినం. ఈ దేశాల్లో తిండి ఎట్లా?
– తిరుచానూరు

మాంసం ముక్క కనిపిస్తుంది, దాన్ని పక్కన పెట్టొచ్చు. కనిపించనివే ఇబ్బంది. జెల్లీ మిఠాయిలు, మార్ష్‌మాలో, అమెరికాలో హాలోవీన్‌కే అమ్మే క్యాండీ కార్న్ వీటిలో తరచుగా జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముక, తోలు నుంచి తీసేది. కవర్ వెనక ఆ పేరు వెతకండి. ఐర్లండ్‌లో కోల్‌కానన్ అనే బంగాళదుంప, క్యాబేజీ, వెన్న ముద్ద మీకు సరిపోతుంది. వాళ్ల పండగ రొట్టె బార్మ్‌బ్రాక్‌లో గుడ్డు ఉండొచ్చు. లోపల ఒక ఉంగరం కూడా పెడతారు, పిల్లలకిచ్చేముందు విరిచి చూడండి. మెక్సికోలో ‘మాంసం లేకుండా’ అంటే చాలదు. రాజ్మా ముద్దలో, తమాలే అనే మొక్కజొన్న పిండి వంటకంలో పంది కొవ్వు కలుపుతారు. ‘సిన్ మంతేకా’ అని కూడా అడగాలి. చనిపోయినవాళ్ల రొట్టెలో గుడ్డు ఖాయం.

పొడులు, చింతపండు గుజ్జు, అటుకులు పట్టుకెళ్లండి. ఐర్లండ్‌కు, యూరప్‌కు నెయ్యి సీసా, పాలకోవా మాత్రం వద్దు, పాల పదార్థాలు మన దేశం నుంచి తీసుకురానివ్వరు. ప్రసాదం లడ్డు ఉంటే కస్టమ్స్ దగ్గర మీరే చెప్పి చూపించండి. దాచి దొరికితే జరిమానా.

టోక్యో షిబుయాలో హాలోవీన్ రాత్రి గడపాలని మా స్నేహితుల ప్లాన్.
– కుప్పం

మానుకోండి. షిబుయా వార్డు పాలకులే రావద్దని చెబుతున్నారు. 2023లో మేయర్ బహిరంగంగా కోరారు. 2024 అక్టోబర్ నుంచి స్టేషన్ చుట్టుపక్కల రాత్రి 6 నుంచి ఉదయం 5 దాకా వీధిలో మద్యం తాగడం ఏడాది పొడవునా నిషేధం. కారణాల్లో ఒకటి సియోల్. 2022 అక్టోబర్ 29న ఇటెవాన్‌లో సుమారు నాలుగు మీటర్ల వెడల్పున్న ఏటవాలు సందులో జనం కుక్కుకుపోయి 159 మంది చనిపోయారు. తొక్కిసలాటలో కింద పడడం కన్నా ఊపిరాడకపోవడమే ఎక్కువమందిని చంపుతుంది. భుజాలు నాలుగు వైపులా తగులుతున్నాయంటే అప్పుడే బయటికి రావాలి. చేతులు కదపలేని స్థితి వచ్చాక దారి ఉండదు. అప్పుడు చేతులు ఛాతీ ముందు అడ్డంగా పెట్టుకుని ఊపిరికి చోటు చేసుకోండి, జనానికి ఎదురు తోయకుండా ఊపుతోపాటు పోతూ ఏటవాలుగా అంచుకు జరగండి, కింద పడింది ఫోనైనా సరే వంగకండి.

టోక్యోలోనే ఇకెబుకురోలో అక్టోబర్ చివర్లో కాస్‌ప్లే (కార్టూన్, సినిమా పాత్రల వేషాల) ఉత్సవం జరుగుతుంది. నమోదు, బట్టలు మార్చుకునే గదులు, ఫొటోల చోట్లు అన్నీ ఏర్పాటుగా ఉంటాయి. మీకు కావాల్సింది అక్కడ దొరుకుతుంది.

రొమేనియాలో డ్రాక్యులా కోట నిజంగా అతనిదేనా?
– నగరి

కాదు. బ్రాన్ కోటకు, డ్రాక్యులా పేరుకు మూలమైన వ్లాడ్ అనే రాజుకు ఉన్న సంబంధం చాలా పలచన. కోట అందమైనది, హాలోవీన్ రాత్రి విందు టికెట్లు ముందే అయిపోతాయి. బ్రషోవ్‌లో బస చేయండి, బ్రాన్ 30 కిలోమీటర్లు. 2025 జనవరి నుంచి రొమేనియా పూర్తిగా షెంగెన్‌లో ఉంది కాబట్టి షెంగెన్ వీసా సరిపోతుంది. 30 వేల యూరోల బీమా తప్పనిసరి. దరఖాస్తు ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు దాకా.

వేషం సామాను విమానంలో ఎలా తీసుకెళ్లాలి?
– రేణిగుంట

కత్తి, తుపాకి, త్రిశూలం బొమ్మవైనా, అట్టవైనా చేతి సంచిలో వద్దు. చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి, లేదా అక్కడే కొనండి. దొంగనెత్తురు, మొహం రంగు ద్రవాలకిందే లెక్క, చేతి సంచిలోకి 100 మిల్లీలీటర్ల సీసాలే. లైట్లున్న ముసుగు బ్యాటరీలు లిథియంవైతే విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్‌లో కుదరదు. కంట్లో పెట్టుకునే రంగు కాంటాక్ట్ లెన్సులు అమెరికాలో డాక్టరు చీటీ లేకుండా అమ్మడం నేరం. వీధిలో దొరికేవి కంటిని గాయపరుస్తాయి, వేసుకోవద్దు. జర్మనీ, ఆస్ట్రియాలో నాజీ గుర్తులున్న వేషం వేస్తే కేసు పెడతారు.

మొహం రంగును బయల్దేరే ముందే మణికట్టు లోపలివైపు రాసి ఒక రోజు చూడండి, దురద వస్తే ఆ రకం వదిలేయండి. రాసిన తర్వాత పౌడర్ అద్దితే వానకు త్వరగా జారదు. తీయడానికి కొబ్బరినూనె చాలు. హోటల్ తువాళ్లతో మాత్రం తుడవొద్దు, మరక పోకపోతే బిల్లులో వేస్తారు. పాత పంచె ఒకటి చించి పెట్టెలో వేసుకోండి.